రాత్రి రెండింటికి లేచేది ఎవరు?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 78, రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు. అమ్మగారికి 72, షుగరు, మోకాళ్ల నొప్పులు. తెనాలిలో సొంతిల్లు. బట్టల కొట్టు ఎప్పుడో ఎత్తేశారు కాబట్టి పింఛను లాంటిదేమీ లేదు, పైవాటా అద్దె వస్తుంది. మీ అన్నయ్య అమెరికా నుంచి "మంచి హోమ్ చూడు, డబ్బు నేను పంపిస్తా" అంటున్నారు, గుంటూరులో ఉన్న అక్క "ఆశ్రమంలో పడేస్తే ఊళ్లో తలెత్తుకోలేం" అంటున్నారు, నాన్నగారేమో "నా శవమే ఈ గడప దాటుతుంది" అని కూర్చున్నారు. బెంగళూరు తెచ్చుకోనా, హోమ్‌లో చేర్చనా, ఇంట్లోనే 24 గంటల మనిషిని పెట్టనా అని మీ ప్రశ్న.

ఇంత పెద్ద ప్రశ్నలో అమ్మగారి గురించి ఉన్నది ఒక్క వాక్యం: "ప్రస్తుతానికి అమ్మ చూసుకుంటోంది." నేను అక్కడే ఆగిపోయాను.

నేను 22 ఏళ్లు ఆస్పత్రుల్లో నర్సుగా చేశాను. తొమ్మిదేళ్లుగా విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు ఇళ్లకు వెళ్లి, మంచం పట్టినవాళ్లను ఎలా చూసుకోవాలో ఇంట్లోవాళ్లకూ ఆయాలకూ నేర్పిస్తున్నాను. నాకు హడావుడిగా వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం పెద్దాయనకు బాగాలేదని కాదు, పెద్దాయన్ని చూసుకునే ఆవిడ బాత్రూంలో జారిపడిందని. ఆ రోజు ఒక మనిషి కాదు, ఇద్దరు మనుషులు ఒక్కసారే పిల్లల మీద పడతారు. ఒకరు ఆస్పత్రిలో, ఒకరు ఇంట్లో. అప్పుడు తీసుకునే నిర్ణయాలు నిర్ణయాలు కావు, ఏది దొరికితే అది. అందుకే మీరు నాన్నగారి గురించి అడిగినా నేను అమ్మగారి నుంచి మొదలుపెడుతున్నాను, ఏమనుకోకండి.

ఏ మాటా తేల్చుకోకముందు ఏడు రాత్రుల లెక్క రాయించండి. నాన్నగారు ఎన్నిసార్లు లేచారు, ఏ టైముకి, దేనికి, ఎవరు లేచి చూశారు. అంతే. తెనాలిలోనే ఒకింట్లో పెద్దావిడకు ఈ పని చెప్తే ఆవిడ నోట్సు పుస్తకం కూడా కొనలేదు, గోడ క్యాలెండర్‌లో పాల లెక్క వేసుకునే గళ్లలోనే రాసింది. పైన "అర లీటరు", దాని కింద చీమల్లాంటి అక్షరాలతో 11.40, 1.15, 2.30 దుప్పటి మార్చా, 4.00. వారం మొత్తంలో నాలుగు కంటే తక్కువ ఉన్న గడి లేదు. వాళ్లబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి, పాలవాడికి డబ్బులిద్దామని క్యాలెండర్ చూసి, "ఈ టైములేంటమ్మా?" అనడిగాడట. ఆరు నెలలుగా ఆవిడ ఫోన్‌లో "మేం బాగానే ఉన్నాంరా" అనే చెబుతోంది మరి.

పగలు చూసుకోవడం కష్టమే గానీ, పగలు ఎవరో ఒకరు ఉంటారు. పనమ్మాయి వస్తుంది, పక్కింటావిడ ఓ పది నిమిషాలు కూర్చుంటుంది, మందుల షాపు కుర్రాడు మందులు ఇచ్చిపోతాడు. రాత్రి రెండింటికి ఎవరూ రారు. ఇల్లా, హోమా, బెంగళూరా అన్నది ప్రేమను బట్టి తేలదు, ఆ రాత్రి రెండు గంటలకు లేచేది ఎవరన్నదాన్ని బట్టి తేలుతుంది. మీ అన్నయ్య డబ్బు లేవలేదు, మీ అక్క పరువు లేవలేదు, అమ్మగారి మోకాళ్లే లేవాలి.

ఆ లెక్క చేతికొచ్చాక వెంటనే మనిషిని వెతక్కండి, ముందు లెక్క తగ్గుతుందేమో చూడండి. 78 ఏళ్ల మగవాళ్లు రాత్రిళ్లు నాలుగైదుసార్లు పాసుకి లేస్తుంటే ప్రోస్టేట్ చూపించాలి, చాలామంది "వయసు కదా" అని వదిలేస్తారు. బీపీకో గుండెకో నీళ్ల మాత్ర, అంటే పాసు ఎక్కువ పోయించేది, వాడుతుంటే అది సాయంత్రం వేసుకుంటున్నారేమో చూసి, పొద్దునకు మార్చవచ్చా అని డాక్టర్నే అడగండి, మీరు మార్చకండి. మంచం పక్కనే కమోడ్ కుర్చీ, చేతికందేలా యూరిన్ క్యాన్, మంచం కింద చిన్న లైటు. మంచం ఎత్తు ఆయన కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత ఉండాలి. ఇవన్నీ చేస్తే ఐదుసార్లు లేచేది రెండుసార్లకు దిగిన ఇళ్లు నాకు తెలుసు. నిద్రమాత్ర అడగడం మాత్రం చివరి మాటగా ఉండనివ్వండి, మత్తులో సగం మెలకువతో లేచి పడిపోయి తుంటి విరిగినవాళ్లను చూశాను. ఇంకొకటి, నీళ్లు తాగేటప్పుడు ఆయనకు పొలమారుతోందా? పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి మింగడం సరిగ్గా ఉండదు, తాగింది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. పడుకోబెట్టి ఏదీ తాగించొద్దు. మనిషి ఎప్పుడూ గోడ వైపు తిరిగి పడుకుంటూ దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, పక్షవాతం తర్వాత డిప్రెషన్ రావడం మామూలే, మందులున్నాయి, మనవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు.

ఇక 24 గంటల మనిషి సంగతి. ఆ పేరులోనే మోసం ఉంది. 24 గంటలు ఇంట్లో ఉంటారు, మేలుకుని ఉండరు. ఉండలేరు కూడా, వాళ్లూ మనుషులే. నాన్నగారు రాత్రి నాలుగుసార్లు లేస్తూ, పగలు స్నానం, వ్యాయామం, తినిపించడం అన్నీ ఆ ఒక్క మనిషే చేయాలంటే మూడో వారంలో బ్యాగు సర్దుకుంటారు, వాళ్లనూ తప్పుపట్టలేం. మా వైపు ఇప్పుడు నేను చూస్తున్న రేట్లు పన్నెండు గంటల మనిషికి నెలకు 15 నుంచి 20 వేలు, 24 గంటల మనిషికి పాతిక వేలు, కాస్త అటూఇటూ. ముక్కు గొట్టం, యూరిన్ పైపు చూడగలిగిన నర్సు అయితే ఇంకా ఎక్కువ. ఏడు రాత్రుల లెక్క పక్కన ఈ రేట్లు పెట్టి చూస్తే 24 గంటల మనిషి కంటే రాత్రి మనిషిని పెట్టుకోవడమే మేలని మీకే తడుతుంది.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకర్ని పంపుతారో, సంక్రాంతికి ఎవరొస్తారో కాగితం మీద రాయించుకోండి. సంక్రాంతికి అందరూ ఊరెళ్తారు, ఈ ఒక్క ప్రశ్నతో ఏజెన్సీ సంగతి తెలిసిపోతుంది. మా అత్తగారికి ఒక ఏజెన్సీ పంపిన అమ్మాయి మూడో రోజు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది, వాళ్లు డిపాజిట్‌లోంచి నెల జీతం కోసుకున్నారు, నర్సునై ఉండి నేనే కాగితం సరిగ్గా చదవలేదు. ఆధార్ కాపీ, పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి. బీరువా తాళాలు అమ్మగారి దగ్గరే ఉండాలి, కానీ ఆ మనిషికి తినడానికి వేడన్నం, పడుకోవడానికి ఫ్యాను కింద చోటు కూడా అంతే తప్పనిసరి. మిగిలిన చద్దికూర పెట్టి మన నాన్నను ప్రేమగా చూడమంటే ఎవరు చూస్తారు?

మనిషి వచ్చిన మొదటి రోజు మీ ఎదురుగానే నాన్నగారిని మంచం మీంచి కుర్చీలోకి మార్చమనండి. చేతులు ఎక్కడ వేస్తారో చూడండి. పడిపోయిన ఎడమ చెయ్యి పట్టుకునో, ఎడమ చంక కింద చెయ్యేసో లాగితే ఆ మనిషికి పని రాదు. బలం లేని భుజానికి కండ పట్టు ఉండదు, కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది, దానితో వ్యాయామం చేయనివ్వరు, దానితో ఇంకా మంచానికి అతుక్కుపోతారు. పని తెలిసినవాళ్లు నడుముకు బెల్టు కట్టి, మోకాలికి మోకాలు ఆనించి, కుర్చీని ఆయన కుడివైపు పెట్టుకుని లేపుతారు. నేర్చుకుంటానంటే నేర్పించండి, పర్వాలేదు. "నాకన్నీ తెలుసు సార్" అనేవాళ్లతోనే కష్టం.

బెంగళూరు మాట. మీ ఉద్దేశం మంచిదే. కానీ అమ్మగారి వైపు నుంచి ఆలోచించండి. తెనాలిలో ఆవిడకు పక్కింటి పిన్నిగారు, అప్పు పెట్టే కిరాణా కొట్టు, పిలిస్తే వచ్చే ఆర్‌ఎంపీ, శనివారం గుడి. మీ అపార్టుమెంటులో మీరిద్దరూ ఆఫీసుకు పోయాక తొమ్మిది గంటల పాటు నాలుగో అంతస్తులో ఆ ఇద్దరే, ఎదురింటివాళ్ల భాష రాదు. కొడుకు ఇల్లే కానీ ఒక గది. పెద్దవాళ్లు ఇంకా తిరుగుతున్నప్పుడే తీసుకొచ్చుకుంటే ఆ ఊరు అలవాటవుతుంది, మంచం పట్టాక తెస్తే కిటికీ మాత్రమే అలవాటవుతుంది. నాన్నగారి విషయంలో ఆ సమయం దాటిపోయినట్టే నాకనిపిస్తోంది. అయినా ప్రయత్నించాలనుకుంటే పది రోజులు కాదు, రెండు నెలలు ఉంచుకుని చూడండి, పది రోజులు ఎవరైనా చుట్టాల్లా ఉండగలరు. ఈలోపు తెనాలి ఇల్లు అద్దెకివ్వకండి, అమ్మే మాటే ఎత్తకండి.

మీరు ఎత్తలేదు గానీ మీ అక్కో అన్నయ్యో ఎప్పుడో ఒకప్పుడు "వంతులేసుకుందాం" అంటారు, కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. మా ఆయన వాళ్లు ముగ్గురన్నదమ్ములు. మా అత్తగారికి మతిమరుపు మొదలైనప్పుడు ఎవరికీ అన్యాయం జరగకూడదని తలా నాలుగు నెలలు అనుకున్నాం. లెక్కకు చక్కగానే ఉంది. మూడో ఇంట్లో ఆవిడ ఒక రాత్రి లేచి పూజ గదిలో కూర్చుని పాసు పోసేశారు. నానా గొడవా అయింది, తోడికోడలు ఏడ్చింది, మా మరిది తల్లిని కసిరాడు. తెల్లారాక నేను వెళ్లి చూస్తే, మంచం దిగి కుడివైపు ఆరడుగులు వేస్తే పూజ గది. మా ఇంట్లో మంచం దిగి కుడివైపు ఆరడుగులు వేస్తే బాత్రూం. ఆవిడ కాళ్లకు దారి గుర్తుంది, ఇల్లే మారిపోయింది. మతి తప్పుతున్న మనిషిని ఇళ్లు మార్చడం ఎంత తప్పో, ఆస్పత్రిలో అంతమందిని చూసిన నాకు అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. తర్వాత నాలుగేళ్లు మా దగ్గరే ఉంచుకున్నాం, మిగతా ఇద్దరూ డబ్బులు, సెలవురోజులు పంచుకున్నారు. మీ నాన్నగారికి మతిమరుపు లేదన్నారు, అయినా వంతులు వద్దు. మనుషులు వాళ్ల దగ్గరికి రావాలి గానీ వాళ్లను మూట కట్టి తిప్పకూడదు.

హోమ్ మీద నాకు కోపం లేదు. మీ అక్క అన్న "పడేయడం" అనే మాట మీద కోపం. ఇంట్లో పుండ్లు పడి, చూసేవాళ్లు లేక, రోజంతా ఒకే డైపర్‌తో ఉన్నవాళ్లను చూశాను, వాళ్లు సొంత ఇంట్లోనే పడేసి ఉన్నారు. అయితే హోమ్ అనే బోర్డు కింద మూడు రకాలుంటాయి. దిక్కులేనివాళ్లకు దాతలు నడిపేవి, తిరగగలిగిన పెద్దవాళ్లు డబ్బు కట్టి ఉండేవి, మంచం మీదున్నవాళ్లను కూడా చూసేవి. రెండో రకంలో చేర్చి, ఆర్నెల్లకు "మీ నాన్నగారు లేవలేకపోతున్నారు, తీసుకెళ్లండి" అని ఫోన్ వచ్చినవాళ్లు చాలామంది. చేర్చేముందే అడగండి, పూర్తిగా మంచం పడితే ఉంచుకుంటారా, ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆస్పత్రికి, ఎవరు తోడుంటారు, మధ్యలో తీసుకెళ్తే డిపాజిట్ ఎంత తిరిగిస్తారు. నేను చూసినవాటిలో నెలకు 20 వేల నుంచి 50 వేల దాకా ఉన్నాయి, డైపర్లు మందులు వేరే.

చూడ్డానికి చెప్పి వెళ్లకండి, పొద్దున పదింటికి అసలు వెళ్లకండి. రాత్రి ఏడున్నరకి వెళ్లండి. ఒకచోట కింద రిసెప్షన్లో ఫౌంటెను, గోడకు మామిడాకుల తోరణం, పైకెళ్తే 22 మందికి ఒక్క అమ్మాయి, అదీ ఫోన్‌లో. వాసన ఎలాగూ తెలుస్తుంది. నేనైతే మంచినీళ్ల గ్లాసు ఎక్కడుందో చూస్తాను, మంచం మీద మనిషికి చెయ్యి అందేంత దూరంలో ఉందా, లేక గది ఆ మూల బల్ల మీద ఉందా. తర్వాత గోళ్లు, మడమలు. మడమ ఎర్రబడి ఉంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం లేదని అర్థం, ఎయిర్ బెడ్ వేశాం కదా అంటారు, ఎయిర్ బెడ్ తిప్పదు. 14567 అని పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, దగ్గర్లోని ఆశ్రమాల వివరాలు అడగొచ్చు. కానీ వాళ్లు చెప్పినా సరే, మీ కళ్లతో చూడకుండా వద్దు.

కాగితాల గురించి మీరు అడగలేదు, కానీ ఆలస్యం చేయకండి. ఎడమ వైపు పడింది కాబట్టి నాన్నగారు ఈ రోజు సంతకం పెట్టగలుగుతున్నారు, ఇంకోసారి స్ట్రోక్ వస్తే ఏ వైపో, మాట ఉంటుందో లేదో ఎవరికి తెలుసు. బ్యాంకు ఖాతా అమ్మగారితో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించండి, ఫిక్స్‌డ్ డిపాజిట్లకు నామినీ చూడండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకుంటారు చాలామంది, మన దగ్గర అది ఇచ్చిన మనిషికి మతి తప్పితే చెల్లదు, సరిగ్గా అవసరమైన రోజునే పనికిరాదు. ఇల్లు ఇప్పుడే ఎవరి పేరనా గిఫ్టు రాయించకండి, వీలునామా చాలు. అంతగా రాయాల్సి వస్తే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోకపోతే ఆ రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు, కానీ షరతు కాగితం మీద ఉంటే వాదన గట్టిగా నిలబడుతుంది. 70 దాటినవాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తామని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది, ఇద్దరికీ కార్డు చేయించండి. అది ఆస్పత్రిలో చేరితేనే, రాత్రి మనిషి జీతానికీ డైపర్లకూ రూపాయి రాదు.

అన్నయ్య డబ్బు "అవసరమైతే పంపిస్తా" అని కాకుండా ప్రతి నెలా ఒకటో తారీఖున అమ్మగారి ఖాతాలో పడేలా చూడండి, అడిగి పుచ్చుకునే డబ్బు అమ్మగారు ఖర్చుపెట్టరు, దాస్తారు. అక్కకు మాత్రం, ఊళ్లో ఏమనుకుంటారో అన్నందుకు శిక్షగా పని మొత్తం అప్పగించకండి. దగ్గర్లో ఉన్న ఆడపిల్ల మీద అన్నీ పడటం నేను ఇల్లిల్లూ చూస్తున్నాను.

నాన్నగారిని ఎందుకు రారో అడిగారా? "మొండి" అనేసి వదిలేయకుండా, మీరొక్కరే, అమ్మ కూడా లేనప్పుడు. ఒక పెద్దాయన కూతురింటికి చచ్చినా రానని ఏడాది పోరాడాడు. చివరికి నాతో అన్నమాట, "అల్లుడి ముందు డైపర్‌తో ఎలా ఉంటానమ్మా." మేడ మీద విడిగా గది, బాత్రూం ఇస్తే మర్నాడే బయల్దేరాడు.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. రెండు వారాలు సెలవు పెట్టి తెనాలి వెళ్తాను. లెక్క రాయించడం, యూరాలజిస్టు, ఫిజియోథెరపీ, బ్యాంకు పని ఆ సెలవులోనే. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఒక మగ మనిషిని మూడు నెలలకు పెడతాను, అమ్మగారి మంచం పక్క గదిలో వేయించి తలుపు వేయిస్తాను. మొదటి వారం ఆవిడ ఎలాగూ నిద్రపోరు, చెవి అటే ఉంటుంది, ఆ వారం మీరు అక్కడే ఉండండి. పగలు అమ్మగారు, పనమ్మాయి. మీరు నెలకోసారి మూడు రోజులు వచ్చి ఆ మనిషికి సెలవివ్వండి. ఇది నడుస్తుండగానే గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి హోమ్‌లు చూసి మాట్లాడి పెట్టుకోండి, అక్కను వెంటబెట్టుకుని వెళ్లండి, చూశాక ఆవిడ మాట మారవచ్చు. ముగ్గురూ ఫోన్‌లో కూర్చుని ముందే ఒప్పుకోండి: అమ్మగారు ఆస్పత్రిలో చేరినా, రెండు నెలల్లో ముగ్గురు మనుషులు మారినా, నాన్నగారిని తిప్పడానికి ఇద్దరు కావాల్సి వచ్చినా, ఇక వాదన లేదు, ఇద్దర్నీ కలిపే హోమ్‌కి. ఇద్దర్నీ కలిపి అన్నమాట రాసిపెట్టుకోండి, ఒకర్ని మాత్రమే తీసుకుంటామనే చోటు వద్దు.

ఏడు రాత్రులూ అయ్యాక ఆ లెక్క ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. అమ్మగారి షుగర్ రిపోర్టు కూడా పెట్టండి, మూడు నెలల సగటుది. ఆవిడ ఆఖరిసారి ఎప్పుడు చేయించుకున్నారో అడగండి, నాకెందుకో చాలా రోజులైందనిపిస్తోంది.